పుచ్చుపన్నుకి హోదా ఉన్న రోజులు

మా రోజుల్లో పుచ్చుపన్ను కలిగినవాళ్ళ జబ్బు. ఈ మాటంటే మా మనవరాలు నవ్వుతుంది గానీ, 1950ల చివర్లో తెనాలి కాలవల వైపు మా ఊరి ఎలిమెంటరీ బడిలో పిల్లల్ని వరసగా నిలబెట్టి నోళ్ళు తెరవమంటే, ఎవరింట్లో ఎన్నెకరాల మాగాణి ఉందో పళ్ళు చూసి చెప్పెయ్యొచ్చు. మోతుబరి గారబ్బాయి ముందుపళ్ళు నల్లగా అరిగి మొండిదేలి ఉండేవి. కిరాణా కొట్టు వాళ్ళ పిల్లకి రెండు దవడలా పిప్పే, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. పాలేరు కొడుకు మాత్రం వేయించిన చింతగింజలు పటపటా కొరికి నమిలేవాడు, పక్కనున్న మాకు దవడలు జిల్లుమనేవి.

కారణం పంచదార. మా ఇంట్లో ఆ డబ్బా అమ్మ బీరువాలో తాళం కింద ఉండేది. చుట్టాలొస్తే కాఫీకి కాస్త బయటికొచ్చేది, మళ్ళీ లోపలికి. సంక్రాంతి అరిసెలకి బెల్లమే. కూలివాళ్ళ ఇళ్ళల్లో డబ్బా మాటే లేదు. పిల్లల చిరుతిండంతా చెట్టూ చేమా పెట్టినదే: రేగుపళ్ళు, సీమచింతకాయలు, ఈతపళ్ళు, తాటిముంజెలు, పాతరలో తవ్వి కాల్చుకున్న తేగలు. కొట్లో గాజుసీసాలో నిమ్మతొనలు రంగురంగులుగా ఊరించేవి. కొత్త పైసలు వచ్చిన కొత్త అది. పైసకి వచ్చేవి, ఆ పైసే ఎవరి దగ్గరా లేదు. మోతుబరి గారబ్బాయి జేబులో మాత్రం గలగలమనేవి. పాఠం జరుగుతుంటే ఒకటి బుగ్గన పెట్టుకుని చప్పరించేవాడు, మాకు నోరూరేది. ఆ బుగ్గే తర్వాత వాచింది.

వాట్సాప్‌లో రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు పంపుతారు. మన పెద్దలు వేపపుల్ల నమిలారట, కచ్చిక రుద్దారట, అందుకే చివరిదాకా పళ్ళు కదల్లేదట. నాకు ఒళ్ళు మండుతుంది. మోతుబరి గారి పెరట్లోనూ వేపచెట్టుంది, ఆ అబ్బాయీ వేపపుల్లే వేశాడు. పైగా వాళ్ళింట్లో మంకీ బ్రాండ్ నల్ల పళ్ళపొడి ఉండేది, తర్వాత చిన్న ప్లాస్టిక్ బొమ్మతో సహా బినాకా పేస్టొచ్చింది. అన్నీ రుద్దాడు, అయినా పుచ్చాయి. పాలేరు కొడుకు ఇంత పిడక బూడిద వేలితో రాసుకుని కాలవలో పుక్కిలించేవాడు, ఒక్కటీ పుచ్చలేదు. వాడి పళ్ళని కాపాడింది తీపి కొనే దిక్కు లేకపోవడం. దాన్ని పూర్వీకుల ఆరోగ్య రహస్యమని పొగడడానికి నాకు నోరు రాదు. అదే పిల్లాడికి రేచీకటి ఉండేది, కడుపునిండా ఏలికపాములుండేవి. వాళ్ళ పల్లె పిల్లల్లో చాలామంది అసలు బడి గడపే తొక్కలేదు. ఒక్క పళ్ళ విషయంలో మాత్రం లేమి వాళ్ళ పక్షాన ఉండేది.

ఇప్పుడు ఆ ఒక్కటీ పోయింది. నా సణుగుడంతా అందుకే.

మా పెద్దమ్మాయి కూతురు బి.డి.ఎస్. చదివింది. దాన్ని కూర్చోబెట్టి అడిగితే విడమరిచి చెప్పింది. స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అని నోట్లో ఒక సూక్ష్మజీవి ఉంటుందట. 1924లో క్లార్క్ అనే ఆయన ఇంగ్లండులో పుచ్చుపళ్ళలోంచి దాన్ని పట్టుకున్నాడు. అది తీపి తిని ఆమ్లం వదులుతుంది. తీపి నోట్లో పడ్డ కొద్ది నిమిషాల్లోనే పి.హెచ్. 5.5 కిందికి దిగుతుంది, అక్కణ్ణించి పంటి మీది ఎనామిల్ కరగడం మొదలు. ఆ పి.హెచ్.ని మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి ఉమ్మికి అరగంట పడుతుంది, ఒక్కోసారి గంట. "అందుకే ఎంత తిన్నాడన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నాడన్నది ముఖ్యం అమ్మమ్మా. అన్నంతో పాటు అరిసె తింటే ఒక్క దెబ్బే. గంటకో చాక్లెట్ చప్పరిస్తే పన్ను కోలుకునేదెప్పుడు?" అంది. బెల్లమైతే మంచిదేగా అని నేనంటే, ఆ పురుక్కి బెల్లమా పంచదారా అన్న పట్టింపు లేదంది. మా తరం గర్వం ఒకటి అక్కడితో సరి.

ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యమన్న సంగతి బాగా తేల్చి చెప్పింది స్వీడన్‌లో లుండ్ అనే ఊళ్ళోని విపెహోల్మ్ ఆసుపత్రి పరిశోధన. 1945లో మొదలైన ఆ పరిశోధనలో బుద్ధిమాంద్యం ఉన్న రోగులకి భోజనాల మధ్య పంటికంటుకుపోయే టాఫీలు పెట్టి ఎన్ని పళ్ళు పుచ్చుతాయో లెక్క రాశారు. మిఠాయి వ్యాపారులూ ఖర్చులో పాలుపంచుకున్నారు. కాదనడానికి నోరు లేనివాళ్ళ నోళ్ళలోనే చేశారు ఆ ప్రయోగం. ఇప్పుడు లోకమంతా ఆ ఫలితాన్ని పాఠంగా చదువుకుంటోంది.

తీపీ పుచ్చుపన్నూ పెద్దింటి నుంచి పేదింటికి దిగడం ఇవాళ మన దగ్గర మొదలైన ముచ్చటేమీ కాదు. 1598లో ఇంగ్లండు వెళ్ళిన హెంట్జ్‌నర్ అనే జర్మన్ యాత్రికుడు మొదటి ఎలిజబెత్ రాణి పళ్ళు నల్లగా ఉన్నాయని రాశాడు, ఇంగ్లీషువాళ్ళు పంచదార అతిగా తినడం వల్లనే కాబోలు అని కూడా రాశాడు. మా మోతుబరి గారబ్బాయిది అచ్చంగా రాచజబ్బన్నమాట. 1874లో ఆ దేశంలో పంచదార మీద సుంకం పూర్తిగా ఎత్తేశారు. చవకై కూలివాళ్ళ టీలోకి, రొట్టె మీది జాములోకి దిగింది. పదేళ్ళు తిరిగేసరికి, 1885లో, స్కాట్లండ్‌లోని డండీ ఊరి దంతవైద్యుడు ఫిషర్ బడిపిల్లల పళ్ళని తప్పనిసరిగా పరీక్షించాలని మొత్తుకున్నాడు. తర్వాత బోయర్ యుద్ధానికి సిపాయిల్ని ఎంచబోతే, పళ్ళు బాగోక తిప్పి పంపాల్సినవాళ్ళు కుప్పలుగా తేలారు. అక్కడికీ వాళ్ళు కళ్ళు తెరిచింది పిల్లలు నమల్లేకపోతున్నారని కాదు, తుపాకి పట్టేవాడు తక్కువయ్యాడని.

ఇప్పుడు మా ఊరి సర్కారు బడి ముందున్న కొట్టు చూడండి. గుమ్మానికి పైనుంచి కిందిదాకా దండలు దండలుగా పొట్లాలు. రూపాయివి, రెండు రూపాయలవి, ఐదు రూపాయలవి. నిమ్మతొనల సీసాకి పైసా అడ్డం ఉండేది, ఈ పొట్లాలకి అడ్డమే లేదు. ఫ్రిజ్‌లో పది రూపాయల కోలా సీసాలు. 200 మిల్లీలీటర్ల సీసాలో 20 గ్రాములకి పైనే చక్కెర, అంటే దాదాపు ఐదు చెంచాలు. మా అమ్మ చూస్తే బీరువా తాళంచెవి బొడ్డులో ఇంకాస్త లోపలికి దోపుకునేది. ఆమధ్య చిల్లర లేదంటూ చాక్లెట్లు చేతిలో పెట్టే రివాజొకటి నడిచింది. కందిపప్పు కొనడానికి పంపితే పిల్లాడు బుగ్గ ఉబ్బించుకుని తిరిగొచ్చేవాడు. ఫోను చెల్లింపులొచ్చి అది ఒక్కటి తగ్గింది. ఫోనుని నేను మెచ్చుకునేది ఆ ఒక్క విషయంలోనే.

మిరపకోతల రోజుల్లో తల్లులు తెల్లారకముందే ఆటో ఎక్కుతారు. పిల్ల చేతిలో పది రూపాయల నోటు పెట్టి పోతారు. బిస్కెట్ పొట్లం, రెండు చాక్లెట్లు, అదే పొద్దుటి పలహారం. చంటివాడు ముసలమ్మ దగ్గర ఏడుస్తుంటే పాలసీసాలో ఇంత పంచదార కలిపి నోటికిస్తుంది. వాడు దాన్ని చీకుతూనే నిద్రపోతాడు, రాత్రంతా ఆ తీపి పాలపళ్ళ చుట్టూ నిలవుంటుంది. మూడేళ్ళకే పైపళ్ళు గోధుమరంగు మొలకలై మిగులుతాయి. తల్లికి బుద్ధిలేదనే పెద్దమనుషులున్నారు. వాళ్ళని ఒక్కరోజు మిరపచేలో వంగోబెట్టాలి. ఏడ్చే బిడ్డని ఊరుకోబెట్టడానికి ఐదు రూపాయల్లో ఇంకేం దొరుకుతుంది? జామకాయలు కిలో ఎంతో అడిగి చూడండి. రేగుచెట్లున్న పోరంబోకంతా ఇళ్ళస్థలాలైంది, సీమచింత ఎప్పుడో కొట్టేశారు. చెట్లు పెట్టే చిరుతిండి పోయింది, కంపెనీ చేసే చిరుతిండి ఊరి చివరిదాకా వచ్చింది.

"పాలపళ్ళే కదా టీచరమ్మా, ఎటూ ఊడేవే." ఈ మాట నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ విన్నాను, ఇప్పటికీ వింటున్నాను. పాలపన్ను ఊడితే పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరే జాతిమి, దాని మీద మనకి అంతకన్నా మర్యాద లేదు. ఇక్కడో మోసం ఉంది, చదువుకున్నవాళ్ళకీ తెలియదు. ఆరేళ్ళ వయసులో, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ళ వెనకాల కొత్త దవడపన్ను ఒకటి మొలుస్తుంది. రెండు దవడల్లో కలిపి నాలుగు. అవి శాశ్వతమైనవి, చచ్చేదాకా నమలాల్సినవి. పాతది ఊడలేదు కాబట్టి అమ్మా నాన్నా దాన్నీ పాలపన్నే అనుకుంటారు. దాని పైభాగం గాళ్ళు గాళ్ళుగా లోతుగా ఉంటుంది, తీపి అందులో ఇరుక్కుంటుంది. పిల్లాడు ఒకటో తరగతిలో, బ్రష్షు వెనకదాకా పోదు. శాశ్వతమైన పళ్ళలో అన్నిటికన్నా ముందు పుచ్చేది అదే. కొత్తగా మళ్ళీ వస్తుందిలే అని ఎదురుచూస్తారు. అది రాదు.

పుచ్చుపళ్ళని లెక్కకట్టే పద్ధతి ఒకటి ఉంది, 1930ల్లో అమెరికాలో పుట్టింది. ఒక్కొక్క నోట్లో పుచ్చినవెన్ని, పీకేసినవెన్ని, పూడ్చినవెన్ని అని మూడూ కలిపి ఒక అంకె వేస్తారు. మనవరాలు ఇది చెప్పగానే నాకు మొత్తం చిత్రం కళ్ళకి కట్టింది. టౌన్లో కార్పొరేట్ స్కూలు పిల్లాడికీ, మా సర్కారు బడి పిల్లాడికీ ఆ అంకె నాలుగే కావచ్చు. వాడి నాలుగూ పూడ్చినవి. వీడివి రెండు పుచ్చినవి, రెండు పీకేసినవి. కాగితం మీద ఇద్దరూ సమానం. వాడు జంతికలు నములుతాడు, వీడు అన్నం చారులో మెదిపి మింగుతాడు. వీడు రాత్రి నిద్రపోడు, పొద్దున బల్ల మీద చెంప ఆనించి కునుకుతాడు. మా స్టాఫ్ రూములో అలాంటివాళ్ళకి మొద్దావతారమని పేరు పెట్టే సహోద్యోగులుండేవారు. ఆ చెంప కింద ఏముందో నోరు తెరిపించి చూసినవాళ్ళు తక్కువ.

మన దేశంలో 2002-03లో జాతీయ నోటి ఆరోగ్య సర్వే జరిగింది. పన్నెండేళ్ళ పిల్లల్లో 53.8 శాతానికి, అయిదేళ్ళవాళ్ళలో 51.9 శాతానికి పుచ్చుపళ్ళున్నాయని తేల్చింది. క్లాసులో సగం మంది. ఇంకే జబ్బైనా క్లాసులో సగం మందికి వస్తే కలెక్టరు జీపు దిగేవాడు. పంటికి ఆ గౌరవం లేదు, ఎందుకంటే ఎవడూ చావడు.

సర్కారు ఏమీ చెయ్యలేదనను. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పెట్టారు. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళదాకా 30 రకాల లోపాలు చూడాలి, అందులో పళ్ళూ ఉన్నాయి. ఏడాదికోసారి బృందం బడికి రావాలి. వస్తారు, టార్చి వేసి చూస్తారు, కాగితం మీద రాస్తారు. ఫలానా ఆసుపత్రికి తీసుకెళ్ళమంటారు. అక్కణ్ణించి కథ తల్లిది. ఉపాధి హామీ కూలి 2025-26లో మన రాష్ట్రంలో రోజుకి 307 రూపాయలు. పిల్లాణ్ణి టౌనుకి తీసుకెళ్తే ఆ పూట కూలి పోయే, బస్సు చార్జీ, చీటీ కోసం లైను, ఇవాళ వాపుంది మందులు వాడి వారం తర్వాత రమ్మంటే ఇంకో రోజు కూలి. ప్రైవేటుకెళ్తే రూట్ కెనాల్‌కి, పైన తొడుగుకి వేలల్లో. పీకించడానికి వందల్లో అవుతుంది. ఆ తల్లి లెక్క తప్పంటారా? పీకిస్తుంది. అందుకే వీడి నోట్లో పూడ్చినవి ఉండవు.

మా రోజుల్లో అసలు డాక్టరే లేడు, నిజమే. పన్ను సలుపుతుంటే లవంగం కొరికించేవాళ్ళు, జిల్లేడుపాలు పెట్టేవాళ్ళు, వాకుడు గింజల పొగ పట్టించి ఇవిగో పురుగులు రాలాయని చూపించేవాళ్ళు వీధుల్లో తిరిగేవాళ్ళు. అప్పుడు లేడు, ఇప్పుడు దేశంలో దంతవైద్య కళాశాలలే 300 పైన ఉన్నాయి. మా మనవరాలి బ్యాచ్‌లో సగం మందికి సరైన పని లేదు. ఇది టౌన్లో ఒక క్లినిక్‌లో చేరింది, ఇచ్చే జీతం చెప్పుకోవడానికి సిగ్గుపడుతుంది. అటు పన్ను నొప్పితో నిద్రపోని పిల్లలు, ఇటు పని లేక కూర్చున్న పంటి డాక్టర్లు, మధ్యలో ఒక పోస్టు పుట్టదు.

కనిగిరి వైపు పనిచేసినప్పుడు ఇంకో రకం పళ్ళు చూశాను. పుచ్చినవి కావు, గోధుమరంగు చారలు, మచ్చలు. నీళ్ళలో ఫ్లోరైడ్. ఆ ప్రాంతం అప్పట్లో ఉన్న నెల్లూరు జిల్లాలో ఈ జబ్బుందని షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1937లోనే రాసిపెట్టారు. నేను వెళ్ళింది 1980ల్లో. పిల్లలు అవే నీళ్ళు తాగుతున్నారు. విచిత్రమేమిటంటే అదే ఫ్లోరైడ్ తగుపాళ్ళలో అందితే పుచ్చుని ఆపుతుంది, మించితే పన్ను మచ్చలు పడుతుంది, ఇంకా మించితే ఎముకలే వంకరపోతాయి. డబ్బున్న ఇళ్ళవాళ్ళు తర్వాత్తర్వాత క్యాన్ నీళ్ళు కొనుక్కున్నారు, బోరు దగ్గర బిందె పెట్టినవాళ్ళకి మచ్చలు మిగిలాయి. ఒకచోట అది ఎక్కువై పేదపిల్ల నవ్వు పాడైతే, ఇంకోచోట అదే ఉన్న పేస్టు కొనలేక పేదపిల్ల దవడ పాడైంది. రెండు వైపులా దెబ్బ ఒకళ్ళకే తగలడం ఏం న్యాయమో!

ఇక కార్పొరేట్ స్కూళ్ళ సంగతి. అక్కడ రోజూ ఎవరిదో ఒకరిది పుట్టినరోజు. రంగుగౌను వేసుకుని డబ్బా పట్టుకుని క్లాసంతా పంచాలి. ఇదేం ఆచారమో, మా రోజుల్లో పుట్టినరోజుకి తలంటు, పాయసం, అంతే. 2025 మేలో సి.బి.ఎస్.ఇ. వాళ్ళు తమ స్కూళ్ళన్నిటిలో చక్కెర బోర్డులు పెట్టమన్నారు, దేంట్లో ఎంత తీపుందో పిల్లలకి తెలియాలని. 4 నుంచి 10 ఏళ్ళవాళ్ళు తినే కేలరీల్లో 13 శాతం చక్కెర నుంచే వస్తోందని, 5 శాతం దాటకూడదని చెప్పారు. మంచిదే. బోర్డు చదివి పళ్ళు తోముకుని దంతవైద్యుడి దగ్గరికి కారులో వెళ్ళే పిల్లల బళ్ళకి బోర్డు ముందొచ్చింది. మా ఊరి బడి సి.బి.ఎస్.ఇ. కాదు.

మా బడిలో మధ్యాహ్నం భోజనంతో కొన్నాళ్ళు వేరుశనగ చిక్కీ ఇచ్చారు. అది పంటికంటుకుంటుందని మనవరాలు మొహం చిట్లించింది. నేను దాన్ని కసిరాను. ఎముకలు తేలిన పిల్లకి అది బలం. ఇచ్చాక పుక్కిలించడానికి కుళాయి దగ్గర ఒక నిమిషం నిలబెట్టండి, చాలు. భోజనం పెట్టే బడి బ్రష్షు ఎందుకు పట్టించదు? స్కాట్లండ్‌లో 2006లో చైల్డ్‌స్మైల్ అని మొదలుపెట్టారు. నర్సరీ పిల్లలందరికీ బ్రష్షు, పేస్టు ఉచితం, బడిలోనే రోజూ టీచరు ఎదురుగా తోముకోవాలి. 2003లో ఒకటో తరగతి పిల్లల్లో పైకి కనిపించే పుచ్చు లేనివాళ్ళు 45 శాతం, 2022 నాటికి 73 శాతం. పేద పేటలకీ కలిగిన పేటలకీ మధ్య తేడా ఇంకా ఉంది, కానీ తగ్గింది. మనకి ఊరూరా అంగన్‌వాడీ ఉంది, ఆయమ్మ ఉంది. ఆయమ్మ నెత్తిన ఇప్పటికే ఉన్న రిజిస్టర్లు నాలుగు తగ్గించి ఈ పని ఇస్తే ఏం పోయింది?

ఫ్లోరైడ్ పేస్టుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దగ్గర 2025 సెప్టెంబరు 22న జి.ఎస్.టి. మార్చినప్పుడు పేస్టునీ బ్రష్షునీ 18 నుంచి 5 శాతానికి దించారు, సంతోషించాను. పేపరు కింది భాగం చదివితే చాక్లెట్లు, బిస్కెట్లు, మిఠాయిలు కూడా 5 శాతానికే దించారు. మందుకీ రోగానికీ ఒకే రేటు.

ఆ పేపరు పట్టుకుని బడి ముందున్న కొట్టుకెళ్ళాను. చిన్నపిల్లల బ్రష్షు ఇవ్వమన్నాను. వెతికి వెతికి పెద్దవాళ్ళది తీశాడు.

"చిన్నవి తేనండి టీచరుగారూ. అడిగేవాళ్ళు లేరు, తెస్తే డబ్బు ఇరుక్కుపోద్ది."

"చాక్లెట్లు ఇన్ని రకాలు తెచ్చావు కదరా?"

"డబ్బా తెరిస్తే రెండు రోజుల్లో ఖాళీ. బ్రష్షు ఒకసారి కొంటే అది విరిగేదాకా మళ్ళీ రారు. దాని మీద మిగిలేదెంత, దీని మీద మిగిలేదెంత, మీరే చూడండి" అంటూ అట్టముక్క మీద కూడికలు, హెచ్చవేతలు చకచకా వేసి చూపించాడు. ఎక్కడా తప్పు లేదు. వాడికి లెక్కలు చెప్పింది నేనే.